షెడ్డు వైపు తిప్పిన యాంటెన్నాలు

కడ్డీలమ్మ ఎడమచేతి చివరి రెండు వేళ్లు వంకర. ఎవరైనా అడిగితే మిద్దె మీంచి పడ్డానని చెప్పేది. ఫౌండ్రీ లైన్లలో ఆ మాట నమ్మినవాళ్లు లేరు, అబద్ధమని మొహం మీద అన్నవాళ్లూ లేరు. ఆ వేళ్లు విరిచింది మొగుడు. ఎందుకంటే, ఒక యాంటెన్నాను ఆమె షెడ్డు వైపు తిప్పింది.

అదేం నేరమో తెలియాలంటే ముందు ఆ చోటు సంగతి తెలియాలి. ఇనుము కరిగించి పోతపోసే ఫ్యాక్టరీ అది. దాని షెడ్డు గోడ నేల నుంచి కప్పు దాకా రేకులే. ఎండ పడిందంటే దానికేసి చూడటం ఎవరి తరమూ కాదు. ఎదురుగా కార్మికుల గదులు, లైన్లు లైన్లుగా. ఒకే గోడకు అటొక సంసారం, ఇటొక సంసారం. ఈ పక్క దెబ్బ పడితే ఆ పక్క మేకుకు వేలాడే గరిటె కదిలేది. గదుల వెనక దూరంగా ఒక గుట్ట, గుట్ట మీద టీవీ టవరు. ప్రాంతీయ కేంద్రం వార్తలూ, పాటలూ, నాటకాలూ అక్కడినుంచే గాలిలో వచ్చేవి. అందుకని మిద్దెల మీద యాంటెన్నాలన్నీ గుట్టకేసి చూస్తుండేవి. "ఈ లైన్లలో కంపెనీకి వీపు చూపించే దమ్మున్నవి ఇవేనే అక్కా" అనేవాడు కడ్డీలమ్మ తమ్ముడు, కింద నిలబడి ఆమెకు పైపులు అందిస్తూ.

యాంటెన్నా పని ఆమెకు మొగుడి దగ్గర అబ్బింది. ఆయన్ను మేస్త్రీ అనేవాళ్లు. ప్రేమతో నేర్పాడని అనుకోకండి. తాగి మిద్దె ఎక్కితే కాళ్లు వణికేవి, అందుకని పెళ్లాన్ని ఎక్కించాడు. అల్యూమినియం కడ్డీలు కోసేది ఆమె, బిగించేది ఆమె, తిప్పేది ఆమె. కింద కుర్చీలో కూర్చుని బొమ్మ బాగుందో లేదో చెప్పేది ఆయన. కూలి ఆయన జేబులోకి, తప్పు ఆమె వీపు మీదికి.

ఆ రోజుల్లో పెద్ద తప్పు షెడ్డు వైపు తిప్పడమే. టవరు నుంచి వచ్చిన బొమ్మ రేకుల గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చేది. అది కూడా యాంటెన్నాకు తగిలితే తెర మీద ఒక్కో మనిషికి ఇద్దరు కనపడేవాళ్లు. అసలు మనిషి పక్కన మసకగా వాడి నీడ. పనివాళ్లు దాన్ని దెయ్యం పట్టడమనేవాళ్లు. ఒకసారి గుట్ట కనపడని మూల ఇంట్లో ఏ బొమ్మా రాక, దెయ్యమైనా మేలే కదా అని ఆమె యాంటెన్నాను షెడ్డుకేసి తిప్పింది. వార్తలు చదివే ఆయనకు రెండు ముక్కులు మొలిచాయి. ఇంటావిడ పడీ పడీ నవ్వింది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చాక ఆమె చేతిని గడప మీద పెట్టించి, పైపుతో కొట్టాడు. కొడుతూ పాఠం చెప్పాడు. "యాంటెన్నా మొహం ఎప్పుడూ గుట్టకేసే. షెడ్డు వైపు తిప్పినవాడు మేస్త్రీ కాదు."

పక్క గదిలో గరిటె కదిలింది. ఎవరూ రాలేదు. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు అనే మాట ఎన్ని ఎముకలు విరగ్గొట్టిందో ఏ ఆసుపత్రీ లెక్క చెప్పదు.

చాలా ఏళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు మాత్రం ఆయన చెయ్యెత్తేసరికి పైపు ఆమె చేతిలో ఉంది. అంతే. ఆయన నెత్తి పగిలింది, బట్టల మూట వీధిలో పడింది. అప్పుడు మాత్రం లైన్లన్నీ కదిలి వచ్చాయి, మగవాణ్ణి కొట్టిందట చూద్దామని.

మేస్త్రీ ఆ పని వదిలేసి, కంపెనీకి కూలీలను తెచ్చే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. సెలవడిగినవాణ్ణి, సంఘం పెడదామన్నవాణ్ణి గేటు బయట ఆపి తన్నే ముఠాకు పెద్ద అయ్యాడు. ఇంట్లో ఊరికే చేసిన పనికి బయట జీతం దొరికింది.

ఇది జరిగాకే గుట్ట మీద టవరు మారింది. పాత పద్ధతి ఆపేసి డిజిటల్ పెట్టారు. ప్రతి టీవీ కింద ఒక డబ్బా వచ్చింది. పాత బొమ్మ జబ్బు మనిషిలా ఉండేది, దగ్గుతూ మూలుగుతూ అయినా కనపడేది. కొత్త బొమ్మ అలా కాదు, వస్తే కడిగిన అద్దం, లేకపోతే నల్ల తెర. పైగా డబ్బాకు ఆలోచన ఎక్కువ. యాంటెన్నా సరైన చోటికి వచ్చినా, తెర మీద బొమ్మ పడటానికి కాస్త సమయం తీసుకునేది. మొదట్లో ఆమె పాత అలవాటుగా తిప్పుకుంటూ పోయేది. కింద నుంచి "వచ్చింది" అన్న కేక వినపడేసరికి యాంటెన్నా ఆ చోటు దాటి ఎటో వెళ్లిపోయేది. మళ్లీ వెనక్కి, మళ్లీ కేక, మళ్లీ నలుపు. ఇలా కాదని కొత్త అలవాటు చేసుకుంది. కొంచెం తిప్పడం, ఊపిరి పీల్చి వదలడం, అప్పుడు అడగడం.

ఆ మూల ఇంటికి మళ్లీ వెళ్లాల్సి వచ్చినప్పుడు వంకర వేళ్లు సలిపాయి. గుట్ట వైపు తిప్పి చూసింది, నలుపు. విసుగొచ్చి షెడ్డుకేసి తిప్పి ఊపిరి వదిలింది. కింద ఇంటావిడ వచ్చిందని కేకేసింది. ఎన్ని ముక్కులున్నాయని అడిగింది కడ్డీలమ్మ. ఒకటేనంది ఆవిడ. దిగి వెళ్లి చూస్తే బొమ్మ అద్దంలా ఉంది. కొత్త బొమ్మకు దెయ్యం పట్టదని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఎవరికైనా చెప్పాలంటే ఆ పని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడికి చెప్పేంత చుట్టరికం మిగల్లేదు.

తరవాత తమ్ముడు పోయాడు.

కరిగిన ఇనుము మోసే బకెట్ అడుగున నెర్రె వచ్చిందని పోతపోసేవాళ్లు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. ఈ పోతకు కానిద్దాం, ఈ పోతకు కానిద్దాం అంటూ వచ్చాడు సూపర్‌వైజరు. బకెట్ గాలిలో ఉండగా అడుగు ఊడింది. కింద ముగ్గురున్నారు. ఆ ముగ్గురిలో కడ్డీలమ్మ తమ్ముణ్ణి చెప్పు చూసి గుర్తుపట్టారు. ఇంకేం మిగల్లేదు గుర్తుపట్టడానికి.

తమ్ముడే తాగి బకెట్‌ను ఢీకొట్టాడని కంపెనీ అంది. తాగుడు వల్ల జరిగిన ప్రమాదమని తేలితే మూడు ఇళ్లకూ పరిహారం ఉండదు. అక్కడితో ఆగలేదు. ఆ మాట చెప్పింది వాడి పెళ్లామేనని, చెప్పినందుకు ఆమెకు కంపెనీ ఆఫీసులో పని ఇస్తారని కాంట్రాక్టరు మనుషులు కుళాయి దగ్గర ఊదారు. చచ్చినవాళ్ల మీద పగ తీర్చుకోలేని మనుషులకు బతికున్న ఒక ఆడది దొరికింది. తమ్ముడి పెళ్లాం, కడ్డీలమ్మ మరదలు, నీళ్లకు వెళితే బిందె తన్నారు. తలుపు మీద పేడ కొట్టారు. ఒక సాయంత్రం రాళ్లు పడ్డాయి. ఒకటి ఆమె కనుబొమ మీద తగిలి ఎముక కనపడింది. విసిరినవాళ్లలో తమ్ముడి పక్కనే చచ్చినవాడి తల్లి కూడా ఉంది.

ప్రాంతీయ కేంద్రం విలేకరి ఒకామె వచ్చి, లైన్లకు దూరంగా బస్టాండులో, మరదల్ని కెమెరా ముందు మాట్లాడించింది. మర్నాడు సాయంత్రం వార్తల్లో వేస్తామంది. ఆ వార్తలు వచ్చిన మర్నాడే ఫ్యాక్టరీలో విచారణ. బకెట్ నెర్రెను కళ్లారా చూసినవాళ్లు నోరు విప్పాల్సింది అక్కడ. మరదలు తమను అమ్మేసిందని నమ్ముతూ కూర్చుంటే వాళ్లు విప్పరు. ఆమె ఏం చెప్పిందో చెవులారా వింటేనే నమ్ముతారు. నోటిమాటగా చెప్పబోతే, కెమెరా ముందు కూడా మొగుడు తాగాడనే చెప్పి ఉంటుందిలే అన్నారు.

అప్పటికి లైన్లలో చేతుల్లో ఉన్నవి మాట్లాడుకునే ఫోన్లే, బొమ్మ చూసేవి కావు. కేబుల్ ఉన్న ఇళ్లలో, వార్తలు వచ్చే రోజు ఉదయం నుంచే, ప్రాంతీయ ఛానల్ మాయమైంది. కేబుల్ నడిపేవాడు కాంట్రాక్టరు బావమరిది. అది చూడగానే కడ్డీలమ్మకు అర్థమైంది. తీగ కోసినవాడు మిద్దెను వదలడు. మిద్దెల మీదికి రావడానికి కాంట్రాక్టరుకు తగిన మనిషి ఉన్నాడు, ఏ కడ్డీ బతికుందో, ఏది చచ్చిందో ఒక్క చూపులో చెప్పగల మనిషి.

నిచ్చెన తీసుకుని బయల్దేరింది. షెడ్డు ఎదురుగా ఉన్న లైన్లు పట్టుకుని, ఒక్కో మిద్దె ఎక్కి, గుట్టకేసి చూస్తున్న యాంటెన్నాలను రేకుల గోడ వైపు తిప్పుకుంటూ పోయింది. రిపేరని చెప్పింది. కొన్ని ఇళ్లు తలుపు వేసుకున్నాయి. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు, ఎంత కాదన్నా ఏళ్ల తరబడి తమ టీవీ చూసిన మనిషి కదా అని, కింద నిలబడి కేకలు అందించారు.

రాయి విసిరిన తల్లి మాత్రం గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నీ మరదలి మొహం చూడ్డానికి నా టీవీ కావలసి వచ్చిందా?"

"చూసి తిట్టు పెద్దమ్మా. చూడకుండా తిట్టకు."

"నా కొడుకు తిరిగొస్తాడా చూస్తే?"

"రాడు. నా తమ్ముడూ రాడు. వాళ్లు తాగి చచ్చారన్న మాటైనా పోతుందేమో."

ముసలావిడ దారి ఇవ్వలేదు, కానీ వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లి టీవీ పెట్టింది. కడ్డీలమ్మ మిద్దె ఎక్కి తిప్పింది, ఊపిరి పీల్చి వదిలింది. కింద నుంచి, పెదవి విరుస్తున్నట్టే, "వచ్చింది" అన్న మాట వినపడింది.

ముఠా వచ్చేసరికి ఆమె ఇంకా పైనే ఉంది. పైపులు, గొడ్డళ్లు పట్టుకుని వచ్చారు. అడ్డం వచ్చిన ఒకతన్ని ముందు మోకాళ్ల మీద కొట్టారు. వాడు కూలిపోయాక మొహం మీద తన్నారు. తరవాత ఎవరూ అడ్డం రాలేదు. మిద్దె నుంచి మిద్దెకు దూకుతూ, స్తంభాలు నరుకుతూ, కడ్డీలు తొక్కుతూ వచ్చారు. వీధిలో అల్యూమినియం ముక్కలు చేప ముళ్లలా పడ్డాయి. ముందు నడుస్తూ వేలితో చూపిస్తున్నాడు మేస్త్రీ. ఇది కొట్టు, అది కొట్టు. గుట్టకేసి చూస్తున్న ప్రతిదీ చూపించాడు.

ముసలావిడ మిద్దె మీదికి వచ్చి ఆగాడు. యాంటెన్నాను చూశాడు. పక్క మిద్దె చూశాడు, దాని పక్కది చూశాడు. అన్నీ షెడ్డు వైపే. గుట్టు తెలిసిపోయిందనుకుంది కడ్డీలమ్మ.

మేస్త్రీ పగలబడి నవ్వాడు.

"ఏమే, వేళ్లు విరిచినా బుద్ధి రాలేదా? ఇంకా షెడ్డుకే దణ్ణం పెడుతున్నావా?" అన్నాడు. ముఠా వైపు తిరిగి, "వీటి జోలికి పోకండిరా. ఇవి పుట్టుకతోనే చచ్చాయి. ఉండనీ, దీని పనితనం నలుగురూ చూస్తారు" అన్నాడు.

ఆమె నవ్వాపుకోవాల్సిన అవసరం రాలేదు. జుట్టు పట్టుకుని కింద పడేశాడు. ముఠా ముందు పాత బాకీ తీర్చుకోవాలి కదా, నెత్తి పగిలిన రోజుది. కుడి చెయ్యి మిద్దె గోడ అంచు మీద పెట్టి, మోకాలు ఆనించి, మీదికి వాలాడు. ఎముక విరిగిన శబ్దం ఆమెకు నొప్పి కంటే ముందు వినపడింది. కేక పెడితే వీడికి తృప్తి అని నాలుకను పళ్లతో నొక్కిపట్టింది. నోట్లో రక్తం ఊరింది. వెళుతూ వెళుతూ డొక్కలో ఒక తన్ను తన్నాడు, గుమ్మం దగ్గర కుక్కను తన్నినట్టు.

ముసలావిడే మెట్లెక్కి వచ్చి లేపింది. కొంగు చింపి, చపాతీ కర్ర ఆనించి చెయ్యి కట్టింది. ఆసుపత్రికి పొమ్మంది. వార్తలయ్యాక పోతానంది కడ్డీలమ్మ.

సాయంత్రం అయ్యేసరికి వింత ఒకటి పాకిపోయింది. విరిగిన యాంటెన్నాల ఇళ్లలో నల్ల తెరలు. పనికిరావని వదిలేసిన యాంటెన్నాల ఇళ్లలో మాత్రం అద్దంలా బొమ్మ. చెడిపోయిన టీవీ కన్నా పక్కింట్లో పనిచేసే టీవీ ఎక్కువ ఒళ్లు మండిస్తుంది. మనుషులు గుంపులుగా ఆ ఇళ్లకు చేరారు. ముసలావిడ గదిలో గోడల దాకా జనం, కిటికీ ఊచలకు జనం. మరదల్ని తిట్టడానికే వచ్చినవాళ్లు చాలామంది.

తెర మీద కనుబొమకు కట్టుతో మరదలు కనపడింది. కట్టు చూసి ఎవరో తల దించుకున్నారు. ఆమె ఏడవలేదు. మొగుడు తాగడని చెప్పింది. తాగినవాణ్ణి గేట్లోకి రానివ్వరు కదా, మరి ఆ రోజు ఎలా రానిచ్చారని అడిగింది. బకెట్ నెర్రె విచ్చిందని ఇంటికి వచ్చి చెప్పేవాడని, అన్నం తింటూ కంచంలో వేలితో గీసి ఆ నెర్రె ఎంతుందో చూపించేవాడని చెప్పింది. చనిపోయిన మిగతా ఇద్దరి పేర్లూ చెప్పి, వాళ్లూ తాగి లేరంది. ఆ పేర్లలో ఒకటి వినపడగానే ముసలావిడ చాప మీద కూలబడి, రాయి విసిరిన చేతిని మరో చేత్తో గట్టిగా పట్టుకుంది.

తరవాత జరిగింది ఎవరూ ఆపేలా లేదు. జనం వీధిలోకి విరుచుకుపడ్డారు. ముఠా గేటు వైపు పరుగెత్తింది. మేస్త్రీ మాత్రం, చచ్చిన యాంటెన్నాల్లో బొమ్మ ఎలా వచ్చిందో నమ్మలేక, చూడటానికి వెనక్కి వచ్చాడు. దొరికాడు. వాడు నరికిన పైపులతోనే వాణ్ణి కొట్టారు. పళ్లు రాలాయి. చెవి చీలింది. చేతులడ్డం పెట్టుకుంటే చేతుల మీద కొట్టారు. మొన్న మరదలి ఇంటి మీద రాళ్లేసినవాళ్లే ఇవాళ వీడి మీద ముందున్నారు. కొట్టడం అలవాటైన చేతికి ఎవరైనా ఒకటే.

కడ్డీలమ్మ మెట్ల మీద నిలబడి చూసింది. ఆపమని అనలేదు. అనాలనిపించలేదు. ఇరవై ఏళ్లు తన ఒంటి మీద పడింది ఎలా ఉంటుందో బయటినుంచి చూడటం అదే మొదలు.

ఆపింది మరదలు. గుంపును తోసుకుని వచ్చి మధ్యలో నిలబడింది. ఎత్తిన ఒక పైపు ఆమె భుజం మీద పడింది. పడినా కదల్లేదు.

"వీణ్ణి కొట్టడానికి ఇంతమంది వచ్చారు. రేపు నెర్రె చూశామని చెప్పడానికి ఎంతమంది వస్తారు?"

పొద్దుటిదాకా అదే జనానికి బెదిరింపులు, ఉద్యోగం, ఇంటద్దె, పిల్లలు అని వెయ్యి కారణాలు. ఇప్పుడు చేతుల్లో పైపులు, వాటి మీద రక్తం. ఇంత చెయ్యగలిగినవాళ్లం ఒక నిజం చెప్పలేమా అన్నది ఒకరి మొహంలో ఒకరికి కనపడింది. పోతపోసే పెద్దాయన, ఆ బకెట్‌ను ఏళ్ల తరబడి వంచినవాడు, చేతిలో పైపు కింద పడేశాడు.

"నేనొస్తానమ్మా. ముందు రోజు సూపర్‌వైజరుకు చూపించింది నేనే" అన్నాడు.

మరో పైపు పడింది. అన్నీ పడలేదు. కొందరు పైపులు పట్టుకునే ఇళ్లకు పోయారు. ఆ సంగతి దాచి చెబితే ఇది కథ అవుతుంది, జరిగింది కాదు.

రోడ్డు మీద రక్తంలో పడున్న మేస్త్రీ కళ్లు మాత్రం మిద్దెల మీదే ఉన్నాయి. కడ్డీలమ్మ దగ్గరికి వస్తే, వాచిన నోటితో, దెయ్యాలు పట్టలేదా అని అడిగాడు. బతుకుతానా చస్తానా అని కాదు, అది అడిగాడు.

"ఇప్పుడు పట్టవు" అంది ఆమె. ఇంకేం చెప్పలేదు. నేర్పడం తన వంతు కాదనుకుంది. వాణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్లిన బండిలోనే, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తనూ ఎక్కింది.

విచారణకు పెద్దాయనతో పాటు పోతపోసేవాళ్లు సగం మంది వెళ్లారు. గేటు దగ్గర లాఠీలు లేచాయి, ఇద్దరి తలలు పగిలాయి, పగిలిన తలలతోనే లోపలికి వెళ్లి చెప్పారు. తాగుడు మాట ఎగిరిపోయింది. మూడు ఇళ్లకూ రావలసింది వచ్చింది. యజమానికి సంకెళ్లు పడలేదు, సూపర్‌వైజరుకు బదిలీ అయింది. ఈ దేశంలోనైనా, ఏ దేశంలోనైనా, ఇనుము మీద పడి చచ్చేవాడొకడు, ఇనుము అమ్ముకునేవాడొకడు. దానికి విచారణ వేసేవాడు ఇంకా పుట్టలేదు.

కడ్డీలమ్మ కుడి చెయ్యి మోచేతి దగ్గర సరిగా అతకలేదు. ఇప్పుడు మిద్దె ఎక్కేది మరదలు, కింద ఉండి చెప్పేది ఆమె. కుర్చీలో మాత్రం కూర్చోదు. ఆ మధ్య కంపెనీ షెడ్డుకు తుప్పు రేకులు తీసి కొత్తవి వేయించింది. మిద్దె మీద నుంచి మరదలు భయపడి, వదినా, రేకులు మార్చేస్తున్నారు, మన బొమ్మ పోతుందేమో అని అడిగింది.

"మార్చనీ. కొత్త రేకులు ఇంకా బాగా పంపిస్తాయి. నువ్వు తిప్పు" అంది కడ్డీలమ్మ. "తిప్పి, ఊపిరి వదిలి, అప్పుడడుగు."